చెయ్యి ముందే తీసేశాం కదా, మరి నొప్పి ఎందుకు?
జీవశాస్త్ర పాఠ్యపుస్తకాలు రాసేవారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠ్యపుస్తక రచయితలకు, సంపాదకులకు, సిలబస్ కమిటీల సభ్యులకు నమస్కారం.

నేను బడిలో జీవశాస్త్రం చెబుతాను. మీరు రాసిన నాడీవ్యవస్థ పాఠం చెప్పేటప్పుడు ఒక చోటికి రాగానే తరగతిలో ఎవరో ఒకరు ఒకే ప్రశ్న అడుగుతారు. దానికి పుస్తకంలో జవాబు లేదు. అలాంటి ప్రశ్న ఒకటి ఉందన్న సూచన కూడా లేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ చోటు మీకందరికీ తెలిసిందే: ప్రతీకార చర్య. వేడి వస్తువుకు చెయ్యి తగులుతుంది. చర్మం నుంచి వార్త వెన్నుపాముకు చేరుతుంది, అక్కడి నుంచి కండరానికి ఆదేశం వస్తుంది, చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. పక్కనే బొమ్మ, బాణం గుర్తులు. మెదడుకు సంగతి తెలిసేలోపే పని అయిపోతుందని, నొప్పి ఆ తర్వాతే తెలుస్తుందని చెబుతాం. సరిగ్గా అప్పుడే ఎవరో లేచి అడుగుతారు: "చెయ్యి ముందే తీసేశాం కదా, మరి నొప్పి ఎందుకు?"

జీవశాస్త్రంలో ఇంతకన్నా మంచి ప్రశ్న నాకు తెలియదు. ప్రాణుల్లో అనుభూతి ఎందుకు పుట్టింది, ఎప్పుడు పుట్టింది, ఎవరెవరిలో ఉంది అన్న పరిశోధనంతా ఈ ఒక్క ప్రశ్నలోంచి తీగ లాగినట్టు బయటికి వస్తుంది. మీ పాఠం మాత్రం అక్కడ ఆగకుండా హార్మోన్లలోకి వెళ్లిపోతుంది.

చెయ్యి తీయడానికి నొప్పి అక్కర్లేదు, వెన్నుపాము చాలు. నొప్పికి పని ఆ తర్వాత పడుతుంది. కాలిన వేలిని కొన్నాళ్లు కాపాడుకోవడం, ఆ వస్తువు దగ్గరికి మళ్లీ వెళ్లాలంటే వెనకాడడం, బాధ ఓర్చుకుని అయినా చేయాల్సిన పని ఉందా లేదా అని తేల్చుకోవడం, ఇవి నాలుగు నాడీకణాల గొలుసుతో అయ్యేవి కావు. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీలో రాబర్ట్ ఎల్‌వుడ్, ఆయన సహచరులు సన్యాసి పీతల మీద చేసిన ప్రయోగాలు చూడండి. ఈ పీతలు ఖాళీ నత్తగుల్లల్లో కాపురం ఉంటాయి. వాటికి బాగా నచ్చే గుల్లలుంటాయి, అంతగా నచ్చనివీ ఉంటాయి. గుల్ల లోపల చిన్న కరెంట్ షాక్ ఇస్తే, నచ్చని గుల్లలో ఉన్నవి తేలిగ్గా బయటపడ్డాయి. నచ్చిన గుల్లలో ఉన్నవి అంత తొందరగా ఇల్లు వదల్లేదు. నీటిలో శత్రుజీవి వాసన ఉన్నప్పుడు బయటికి వచ్చేవి తగ్గాయి. షాక్ తిన్న పీతకు కొత్త గుల్ల చూపిస్తే, మామూలుగా చేసే పరీక్షల్లో కొన్ని మానేసి, త్వరత్వరగా అందులోకి మారిపోయింది.

ఇదంతా ఉత్త ప్రతీకార చర్యే అయితే షాక్ తగలగానే అన్నీ ఒకేలా బయటికి దూకాలి. అలా జరగలేదు. ఒకవైపు బాధ, ఒకవైపు ఇల్లు, ఇంకోవైపు బయటి ప్రమాదం, ఈ మూడింటినీ ఆ చిన్న ప్రాణి ఎక్కడో ఒకచోట కలిపి చూసుకుంటోంది. పీతకు నొప్పి తెలుస్తుందనడానికి దీన్ని తిరుగులేని రుజువు అనలేం. కానీ నొప్పి దేనికి పనికొస్తుందో పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు. 2022లో బ్రిటన్ చేసిన జంతు సంక్షేమ చట్టం పీతలను, రొయ్యలను, ఆక్టోపస్‌లను కూడా అనుభూతి గల ప్రాణుల్లో చేర్చింది. పార్లమెంటు దాకా వెళ్లిన విషయం పాఠం దాకా రాకపోవడం నాకు బాధగా ఉంది.

నా మనవి ఒక్కటే. కన్నుకూ రెక్కకూ గుండెకూ పరిణామ చరిత్ర ఉన్నట్టే ఎరుకకు కూడా ఒక చరిత్ర ఉందని పుస్తకంలో రాయండి. అది మనిషి దగ్గర ఒక్కసారిగా ఊడిపడలేదు. ముందు బాధ, సుఖం, ఆకలి, భయం వచ్చాయి. ఆలోచన, "నేను" అన్న తెలివిడి ఆ తర్వాత వాటి మీదే నిలబడ్డాయి. మనిషికీ పైజాతి జంతువులకూ మనసులో ఉన్న తేడా ఎంత పెద్దదైనా అది మోతాదులో తేడాయే గాని రకంలో తేడా కాదని డార్విన్ 1871లోనే రాశాడు. పరిణామం పాఠంలో డార్విన్‌కు బొమ్మతో సహా చోటిచ్చి, నాడీవ్యవస్థ పాఠంలో మాత్రం ఆయన అన్నమాట మర్చిపోయాం.

ఈ మరుపుకు మూల్యం కూడా చెల్లించాం. ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ 17వ శతాబ్దంలో జంతువులను యంత్రాలుగా చూశాడు. 1913లో అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ వాట్సన్ మనస్తత్వశాస్త్రానికి స్పృహతో పనిలేదని, కనిపించే ప్రవర్తన చాలని ప్రకటించాడు. ఆ పద్ధతి వల్ల ప్రయోగాలు పకడ్బందీగా తయారైన మాట నిజమే, అది కాదనను. అయితే "కొలవలేం కాబట్టి పక్కన పెడదాం" అన్నది కొన్నాళ్లకు "లేదు" అన్నట్టు మారిపోయింది. దాని దెబ్బ పసిపిల్లల మీద కూడా పడింది. నవజాత శిశువుల మెదడు ఇంకా ఎదగలేదు, వాళ్ల ఏడుపూ మెలికలూ ఉత్త ప్రతిచర్యలేనన్న నమ్మకం వైద్యంలో 1980ల దాకా గట్టిగా ఉండేది. మత్తు నామమాత్రంగా ఇచ్చి, కదలకుండా కండరాలను సడలించే మందు ఇచ్చి, నెలలు నిండని బిడ్డలకు గుండె దగ్గర ఆపరేషన్లు చేసేవారు. మత్తు ఎక్కువైతే బిడ్డ తట్టుకోలేదన్న భయం కూడా దీనికి తోడైంది. కన్వల్‌జీత్ ఆనంద్, ఆయన సహచరులు 1987లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, నొప్పి తగ్గించే ఫెంటనిల్ కలిపి ఇచ్చిన బిడ్డల్లో ఒత్తిడి హార్మోన్లు అంతగా పెరగలేదు, ఆపరేషన్ తర్వాత ఇబ్బందులూ తగ్గాయి. అక్కడి నుంచే పద్ధతులు మారడం మొదలైంది.

ఆ డాక్టర్లు దుర్మార్గులు కారు. ప్రతిస్పందన ఉన్నంత మాత్రాన అనుభూతి ఉన్నట్టు కాదని వాళ్లు చదువుకున్నారు. అది నిజమే. కానీ ఆ వాక్యం తర్వాత ఉండాల్సిన రెండో వాక్యం, "మరి అనుభూతి ఉందో లేదో ఎలా పట్టుకోవాలి?" అన్నది వాళ్ల పుస్తకాల్లో లేదు. మన పుస్తకాల్లో ఇప్పటికీ లేదు.

ఇక పుట్టుక సంగతి. భూమి మీద జీవం మొదలై 350 కోట్ల ఏళ్లు దాటింది. అందులో ఎక్కువ కాలం ఒక్క నాడీకణం కూడా లేకుండానే గడిచింది. బ్యాక్టీరియా ఆహారం వైపు ఈదుతుంది, విషం నుంచి తప్పుకుంటుంది. అత్తిపత్తి ముట్టుకుంటే ముడుచుకుంటుంది. వీటిని చూసి చెట్టుకూ పుట్టకూ మనసుందని చెప్పేయమని నేను అడగడం లేదు. ఆ తొందరపాటు కూడా తప్పే. సుమారు 54 కోట్ల ఏళ్ల క్రితం, కేంబ్రియన్ యుగంలో, పరిస్థితి మారింది. కళ్లు, కాళ్లు ఉన్న జంతువులు తక్కువ కాలంలో ఎన్నో రకాలుగా పెరిగాయి. వేటాడేవి, వేట నుంచి పారిపోయేవి వచ్చాయి. చురుగ్గా కదలడం, దూరం నుంచి చూడడం రెండూ ఒకే ఒంట్లో కలిశాయి. అలా కలిసేసరికి అంతకుముందు లేని ఒక పెద్ద చిక్కు వచ్చిపడింది.

ఆ చిక్కు ఏమిటో పిల్లలు తరగతిలోనే చూడొచ్చు. ఒక కన్ను మూసి, తెరిచి ఉన్న కంటి బయటి మూలను రెప్ప మీద నుంచి వేలితో మెల్లగా, చాలా మెల్లగా నొక్కమనండి. ఎదురుగా ఉన్న గోడ కదిలినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు వేలు తీసేసి, కన్ను తిప్పి అటూ ఇటూ చూడమనండి. గోడ కదలదు. రెండుసార్లూ కంటి లోపలి బొమ్మ జరిగింది. మరి ఒకసారి లోకం కదిలిందెందుకు, ఇంకోసారి నిలిచి ఉందెందుకు? కంటి కండరాలకు "తిరుగు" అని చెప్పేటప్పుడే మెదడు ఆ ఆదేశం నకలు ఒకటి తన దగ్గర పెట్టుకుంటుంది. వచ్చిన కదలికలోంచి తను చేసిన కదలికను తీసేస్తుంది. మిగిలిందే లోకం కదలిక. వేలితో నొక్కినప్పుడు అలాంటి ఆదేశం లేదు కాబట్టి లెక్క తప్పింది.

ఎరిక్ ఫాన్ హోల్స్ట్, హోర్స్ట్ మిట్టెల్‌స్టెట్ 1950లో దీన్ని ఒక ఈగలో చూపించారు. చుట్టూ చారల డ్రమ్ము తిప్పితే ఈగ కూడా దానితోపాటు తిరుగుతుంది. ఈగ తనంతట తాను తిరిగినప్పుడు చారలు కంటి ముందు అలాగే జరిగినా దానికి ఏ ఇబ్బందీ ఉండదు. వాళ్లు ఈగ తలను మెడ దగ్గర 180 డిగ్రీలు తిప్పి, అలాగే అతికించారు. ఎడమ కుడి తారుమారయ్యాయి. ఇక ఆ ఈగ కదలబోయినప్పుడల్లా ఆగకుండా గిరగిరా తిరుగుతూనే ఉండిపోయింది. తను చేసిందేదో, బయట జరిగిందేదో వేరుచేసే లెక్క దానికి తలకిందులైంది. (ఈ ప్రయోగం చదివిన ప్రతిసారీ నాకు ఆ ఈగ మీద జాలి కలుగుతుంది. పిల్లలకు కూడా కలుగుతుంది, కలగాలి.)

"నేను" అన్నదానికి అతి పాత మూలం ఇక్కడ ఉందని నా నమ్మకం. ఈ లెక్క ఉన్నంత మాత్రాన ఎరుక ఉన్నట్టేనని కాదు, రోబోలో కూడా దీన్ని పెట్టొచ్చు. కానీ తనకూ లోకానికీ మధ్య గీత గీసుకోలేని ప్రాణికి ఏ అనుభవమూ "నాది" కాలేదు. మన చంకలో మనమే వేలు పెట్టుకుంటే చక్కిలిగింత పుట్టదెందుకో కూడా ఇదే చెబుతుంది. పదో తరగతి పిల్లలకు అందని సంగతేమీ కాదు ఇది.

ఈ గీత గీసుకున్న ప్రాణుల్లో అనుభూతి ఎప్పుడు మొదలైందన్న దాని మీద శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. టాడ్ ఫైన్‌బర్గ్, జాన్ మలాట్ వంటివారు వెన్నెముక గల తొలి జంతువుల దాకా, అంటే 50 కోట్ల ఏళ్లకు మించి, వెనక్కి తీసుకెళ్తారు. సిమోనా గింజ్‌బర్గ్, ఎవా జబ్లోంకా కొత్త కొత్త విషయాలను హద్దు లేకుండా నేర్చుకుని ముడిపెట్టుకోగల శక్తిని గుర్తుగా తీసుకుంటారు. మస్తిష్క వల్కలం (మెదడు పైపొర) లేనిదే అనుభూతి లేదనేవారూ ఉన్నారు. ఆ వాదానికి గట్టి ఇబ్బంది తెచ్చినవి బ్యోర్న్ మెర్కర్ 2007లో వర్ణించిన పిల్లల ఉదంతాలు. పుట్టుకకు ముందే వల్కలం దాదాపు అంతా నశించిన ఆ పిల్లలు తెలిసినవాళ్లను చూసి నవ్వారు, విసుక్కున్నారు, కొన్ని పాటలంటే ఇష్టం చూపించారు. మెదడు కాండం (మెదడును వెన్నుపాముతో కలిపే భాగం), దాని చుట్టుపక్కల ఉన్న పాత భాగాలు వాళ్లలో పనిచేస్తున్నాయి. మీ బొమ్మల్లో మెదడు కాండం పక్కన "శ్వాస, గుండె స్పందన" అని రాసి వదిలేస్తున్నారు. అక్కడ ఇంకా చాలా ఉంది.

ఆక్టోపస్ వైపు చూస్తే ఇంకో ఆశ్చర్యం. దానికీ మనకూ ఉమ్మడి పూర్వీకుడు 55 కోట్ల ఏళ్ల కంటే ముందు బతికిన పురుగులాంటి ప్రాణి. ఆ తర్వాత దారులు వేరు. ఆక్టోపస్‌కు సుమారు 50 కోట్ల నాడీకణాలుంటే అందులో ఎక్కువ భాగం చేతుల్లోనే ఉన్నాయి. 2021లో రాబిన్ క్రుక్ చేసిన ప్రయోగంలో, చర్మంలో మంట పుట్టించే ఆమ్లం ఎక్కించినప్పుడు తాము ఏ గదిలో ఉన్నాయో ఆ గదిని ఆక్టోపస్‌లు తర్వాత తప్పించుకు తిరిగాయి, ముందు అది ఇష్టమైన గదే అయినా. మంట పుట్టిన చోట మొద్దుబార్చే మందు ఇస్తే ఆ ఉపశమనం దొరికిన గదిని ఎంచుకున్నాయి. ఇది నిజంగా అనుభూతే అయితే, ప్రకృతి దాన్ని ఒక్కసారి కాక విడివిడిగా రెండుసార్లు తయారుచేసినట్టే.

అద్దం పరీక్ష గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆత్మస్పృహ ప్రస్తావన వస్తే చాలామంది దీన్ని పాస్, ఫెయిల్ లిస్టులా అప్పజెబుతారు. 1970లో గోర్డన్ గాలప్ మత్తులో ఉన్న చింపాంజీల కనుబొమ మీద, చెవి మీద ఎర్రరంగు మచ్చలు పెట్టాడు. మెలకువ వచ్చాక అవి అద్దంలో చూసుకుని తమ ముఖం మీది మచ్చను తడుముకున్నాయి. ఆ తర్వాత డాల్ఫిన్లు, మాగ్‌పై పక్షులు జాబితాలో చేరాయి. 2006లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో మూడు ఏనుగులకు పెడితే హ్యాపీ అనే ఒక్క ఏనుగే మచ్చను తడుముకుంది. మిగతా రెండింటికీ "నేను" లేదని అందామా? కుక్క అద్దం ముందు పాస్ కాదు, కానీ అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2017లో వాసనతో చేసిన పరీక్షలో, కుక్కలు తమ వాసనలో మార్పు వచ్చినప్పుడు దాన్ని ఎక్కువసేపు పసిగట్టాయి. లోకాన్ని ముక్కుతో తెలుసుకునే జంతువుకు అద్దం ఏం చెబుతుంది?

2019లో మసనోరి కోడా బృందం క్లీనర్ రాస్ అనే వేలెడంత చేపకు ఇదే పరీక్ష పెట్టింది. పెద్ద చేపల ఒంటి మీది పరాన్నజీవులను ఏరుకుని తినే చేప అది. దాని గొంతు కింద గోధుమరంగు మచ్చ పెడితే, అద్దంలో చూసుకున్నాక గొంతును నేలకేసి రుద్దుకుంది. అద్దం లేకపోతే రుద్దుకోలేదు. మచ్చ నీలంగానో ఆకుపచ్చగానో ఉంటే పట్టించుకోలేదని తర్వాతి ప్రయోగంలో తేలింది. పరాన్నజీవిలా కనిపించే మచ్చ అయితేనే దానికి లెక్క. ప్రతి ప్రాణికీ తన బతుకులో ఏది ముఖ్యమో అక్కడే దాని "నేను" మనకు కనబడుతుంది. ఒకే గీటురాయి అన్నింటికీ పనికిరాదు. మనిషి బిడ్డ కూడా ఏడాదిన్నర, రెండేళ్ల మధ్యలో గాని ఈ పరీక్ష గట్టెక్కదు. అంతకుముందు ఆ బిడ్డకు బాధ తెలియదని ఏ తల్లీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా.

మీరు చెప్పబోయే అభ్యంతరం నాకు తెలుసు: తేలని విషయాలు పాఠంలో పెడితే పిల్లలకు టెన్షన్, టీచర్లకు మార్కులు వేయడం కష్టం. అయ్యా, అమ్మా, తేలని విషయాలు ఉన్నాయని తెలిసినప్పుడే పిల్లలు నిటారుగా కూర్చుంటారు. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటే దాదాపు 6,900 కోట్లు అనుమస్తిష్కంలోనే (మెదడు వెనక, కింది వైపు ఉండే భాగంలోనే) ఉన్నాయి. అయినా అనుమస్తిష్కం దెబ్బతింటే నడక తడబడుతుంది గాని స్పృహ పోదు. అంటే నాడీకణాల సంఖ్య పెరిగితే ఎరుక దానంతటదే వస్తుందన్నది నిలబడదు. ఒక రకం గుండ్రటి పురుగుకు ఉన్నవి 302 నాడీకణాలే, వాటి అల్లికనంతా 1986లోనే పటం గీశారు. ఆ పటం చూసి పురుగుకు ఏమైనా అనిపిస్తుందో లేదో ఈనాటికీ ఎవరూ చెప్పలేరు. లారెన్స్ వైస్‌క్రాంట్జ్ బృందం 1974లో వివరించిన ఒక రోగికి దృష్టి వల్కలంలో ఒక భాగం తీసేశారు. ఎడమవైపు తనకేమీ కనిపించడం లేదన్నాడు. ఊరికే ఊహించి చూపించమంటే వెలుగున్న చోటును సరిగ్గా చూపించాడు. చూపు పనిచేస్తోంది, చూస్తున్నానన్న ఎరుక లేదు. ఈ ఒక్క ఉదంతం చెబితే చాలు, పీరియడ్ బెల్ కొట్టినా పిల్లలు లేవరు.

నాడీశాస్త్రవేత్త క్రిస్టాఫ్ కోఖ్ 1998లో తత్వవేత్త డేవిడ్ చామర్స్‌తో పందెం కాశాడు, పాతికేళ్లలో ఎరుకకు మెదడులో స్పష్టమైన గుర్తు దొరుకుతుందని. 2023లో న్యూయార్క్‌లో అందరి ముందూ ఓటమి ఒప్పుకుని వైన్ సీసాల పెట్టె చేతికిచ్చాడు. శాస్త్రం ఓడిపోయిందని దీని అర్థం కాదు. దేన్ని రుజువు అంటారో ముందే చెప్పి, అది రానప్పుడు రాలేదని ఒప్పుకోవడం శాస్త్రానికే చేతనవును. ఆ మరుసటి ఏడాదే, 2024 ఏప్రిల్‌లో, అదే నగరంలో శాస్త్రవేత్తలు, తత్వవేత్తలు ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు: క్షీరదాలకు, పక్షులకు ఎరుక ఉందనడానికి గట్టి ఆధారాలున్నాయని, మిగతా వెన్నెముక జీవులన్నిటిలో, ఆక్టోపస్‌లు, పీతలు, కీటకాలతో సహా ఎన్నో వెన్నెముక లేని జీవుల్లో అది ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేమని. తెలిసింది ఎంత, తెలియంది ఎంత అన్నది ఇంత జాగ్రత్తగా విడదీసి చెప్పే వాక్యాలు పిల్లలు చదవడం కంటే మంచి శిక్షణ ఏముంటుంది?

కాబట్టి అడుగుతున్నాను. ప్రతీకార చర్య బొమ్మ కింద నొప్పి దేనికో ఒక పేరా రాసి, సన్యాసి పీతల ప్రయోగం చేర్చండి. కంటిని నొక్కే పనిని కృత్యంగా పెట్టండి, మెల్లగా నొక్కాలన్న హెచ్చరిక తప్పకుండా ఉండాలి. మెదడు కాండం పక్కన రాసే రెండు మాటలకు ఇంకో వాక్యం కలపండి. కప్పను కోసే ప్రయోగం ఇంకా ఉన్న సిలబస్‌లలో, ఆ పేజీకి ముందు, కప్పకు నొప్పి తెలుస్తుందనడానికి ఉన్న ఆధారాలేమిటో రాయండి. ప్రయోగం చేయాలా వద్దా అన్న చర్చ పిల్లలే చేస్తారు. పరీక్షలో "కారణాలు చెప్పి నీ అభిప్రాయం రాయి" అన్న ప్రశ్నకు మార్కులు వేయడం మాకు చేతనవును. కారణానికి మార్కులు వేస్తాం, అభిప్రాయానికి వేయం.

పేజీలు చాలవంటారేమో. మెదడు పైపొరల పేర్లు, మడతల పేర్లు, కపాల నాడుల జాబితా కలిపి మీరు చాలా చోటు ఇచ్చారు. పరీక్ష అయిన మర్నాటికి వాటిలో సగం ఎవరికీ గుర్తుండదు. ఆ జాబితాను కుదించండి. చేర్చాల్సిన పేజీల ముసాయిదా నేను రాసి పెట్టాను, అడిగితే పంపుతాను. తప్పులుంటే దిద్దండి, ఎక్కువైతే కోసేయండి, నా పేరు వేయనక్కర్లేదు.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు